ఆరాధనలో పునరుక్తి వ్యర్థమా? బాఖ్ ‘పాసకాలియా’పై ఒక పరిశీలన

మత్తయి 6:7లో ప్రభువు ప్రార్థనయందలి వ్యర్థ పునరుక్తిని గూర్చి హెచ్చరించెను. ఈ వచనమును బట్టి పల్లవిని పలుమార్లు పాడుటయే తప్పని కొందరు, ఎన్ని మార్లు పాడిన అంత ఆత్మీయమని మరికొందరు వాదించుట మన సంఘములలో వినుచున్నాము. ఈ చర్చకు జోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) ఆర్గన్ కొరకు రచించిన సి మైనర్ పాసకాలియా (బి.డబ్ల్యు.వి. 582) ఎంతవరకు తోడ్పడునో పరిశీలింప గోరుచున్నాము.

పాసకాలియా అనగా క్రింది స్థాయిలో ఒకే స్వరవరుస మరల మరల వచ్చుచుండగా, పైస్వరములు ప్రతిసారి క్రొత్తరూపము దాల్చు రచన. ఇచ్చట ఆ వరుస ఎనిమిది కొలతల నిడివి గలది. మొదట కాళ్లతో వాయించు పెడలుపై అది ఒంటరిగా వినిపించును. షడ్జమము నుండి పంచమమునకు లేచి, తుదకు మంద్ర షడ్జమమున నిలుచును. మన పద్ధతిలో చెప్పినచో ఇవి కీరవాణి మేళపు స్వరములు. దీనిపై 20 రూపాంతరములు, ఆ పిమ్మట విరామము లేకయే ఒక ఫ్యూగ్ వచ్చును.

ఈ వరుసలోని మొదటి సగము ఫ్రెంచి ఆర్గన్ విద్వాంసుడు ఆంద్రే రేజాన్ 1688లో ప్రచురించిన ఆరాధన సంగీతములో, క్రీస్తును కరుణ వేడుకొను ప్రార్థన భాగమున కనబడును. దీనిని బట్టి బాఖ్ కృతి అంతయు ఆ ప్రార్థనకు వ్యాఖ్యానమే అని తీర్మానించుట తొందరపాటు. కృతికి మాటలు లేవు. రూపాంతరముల సంఖ్యలలో మర్మములు వెదకుటకును దృఢమైన ఆధారము లేదు. స్వరములు చేయుచున్న పనిని మాత్రమే మేము ఆధారముగా తీసికొందుము.

11వ రూపాంతరమున ఆ వరుస పెడలును విడిచి పైస్వరమునకు చేరును. 15వ దానిలో విడివిడి స్వరముల మధ్య పలుచబడి, దాదాపు మరుగగును. 16వ దానిలో మరల పెడలుపై పూర్ణబలముతో నిలుచును. మరుగైన దానిని గుర్తుంచుకొనిన చెవికే ఈ రాక అర్థమగును. పునరుక్తి ఇచ్చట వినువానిలో జ్ఞాపకమును నిర్మించుచున్నది.

లేఖనము కూడ ఇట్టి పునరుక్తిని ఎరుగును. 136వ కీర్తనలోని 26 వచనములును ఒకే పల్లవితో ముగియును. అయితే ప్రతి వచనము దేవుని కార్యమును క్రొత్తగా ముందుంచును. వ్యర్థ పునరుక్తిని ఖండించిన ప్రభువే గెత్సేమనేలో మూడవమారు అదే మాటలతో ప్రార్థించెను (మత్తయి 26:44). కాబట్టి దోషము సంఖ్యలో లేదు. మనస్సు కదలక పెదవులు మాత్రమే కదలుటలో ఉన్నది.

1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అడుగుపెట్టిన విశాఖపట్నమున, నేడు ఓడరేవు ప్రాంతము మొదలు ఉక్కునగరము వరకు అనేక సంఘములలో ఎలక్ట్రానిక్ కీబోర్డు వినబడును. మీట నొక్కిన చాలు, తాళమును మంద్రస్వరమును యంత్రమే త్రిప్పుచుండును. చరణములో సిలువ వచ్చినను పునరుత్థానము వచ్చినను అది మారదు. ఇది పునరావృత్తియే గాని రూపాంతరము కాదు. కొలిమి ఆరకుండ మూడు షిఫ్టులలో పనిచేయు విశ్వాసికి మార్పులేని ఆవృత్తి వారమంతయు ఉన్నదే. ఆదివారమున కూడ అదే అతనికి ఇచ్చుట న్యాయమా?

బాఖ్ కృతి సమాజగానము కాదు, నిపుణుడు వాయించునది. దానిని మన ఆరాధనలోనికి యథాతథముగా తెచ్చుకొమ్మని మేము చెప్పుటలేదు. పల్లవిని నిలుపుకొనవలెను. అయితే వాద్యకారుడు చరణమును ముందుగా చదివి, దాని భావమునకు తగినట్లు ఆధారస్వరమును మలచవలెను. నాయకుడు పల్లవికి తిరిగి వచ్చుటకు ముందు, చరణము ఏమి చెప్పెనో సంఘము గ్రహించునట్లు నడిపింపవలెను. అప్పుడు పదియవమారు పాడిన పల్లవియు ప్రార్థనయే అగును.