ఆడా మగా గడి నింపితే సరిపోతుందా?

ఏ ఆరోగ్య సర్వే పత్రం తీసుకున్నా మొదటి పేజీలోనే ఒక గడి కనిపిస్తుంది: స్త్రీ లేక పురుషుడు. సర్వే చేసేవారికి అతి సులువుగా నిండే గడి అది. పరిశోధకులు దాని ఆధారంగా పట్టికలు వేసి, ఫలానా జబ్బు స్త్రీలలో ఇంత శాతం, పురుషులలో ఇంత శాతం అని తేలుస్తారు. ఈ తేడా ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం ఆ గడి జవాబు చెప్పదు.

కారణం, ఆ ఒక్క గడిలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి శరీరానికి సంబంధించినది: క్రోమోజోములు, హార్మోన్లు, గర్భాశయం. రెండోది సమాజం అప్పగించిన పాత్ర: వంట ఎవరు చేయాలి, పొలం ఎవరి పేర ఉండాలి, జ్వరం వస్తే ఎవరిని ముందుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ రెండోదాన్నే జెండర్ అంటున్నాం. ఇది ఊరిని బట్టి, కులాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. మన ప్రయత్నంతో మార్చగలిగేది కూడా ఇదే. కనుక ఒక జబ్బులో దీని వాటా ఎంతో విడదీసి చూడటం చాలా అవసరం.

కాని దాన్ని కొలిచేదెలా? లక్షలాది మందితో కొత్త సర్వే జరపాలంటే చాలా డబ్బు, ఏళ్ల సమయం కావాలి. ఇప్పటికే చేతిలో ఉన్న సర్వేల నుంచి ఆ కొలతను రాబట్టవచ్చునని కెనడా పరిశోధకులు పీటర్ స్మిత్, మీకే కోహూర్న్ 2016లో ఒక వ్యాసంలో చూపించారు. ఆ దేశపు శ్రామిక సర్వే నుంచి వారు నాలుగు అంశాలు తీసుకున్నారు: పిల్లల సంరక్షణ బాధ్యత, చేసే వృత్తిలో స్త్రీ పురుషుల నిష్పత్తి, పని గంటలు, చదువు. వీటిని కలిపి ప్రతి వ్యక్తికీ ఒక మార్కు ఇచ్చారు. స్త్రీల సగటు ఒకవైపు, పురుషుల సగటు మరోవైపు ఉన్నా, మధ్యలో రెండు గుంపులూ చాలావరకు కలగలిసిపోయాయి. అంటే అందరు స్త్రీల జీవితం ఒకటి కాదు, అందరు పురుషుల జీవితమూ ఒకటి కాదు.

ఇది కేవలం అంకెల ఆట అనుకోనక్కరలేదు. అదే దేశంలో 55 ఏళ్ల లోపు గుండెపోటు రోగులను ఏడాదిపాటు గమనించిన మరో అధ్యయనం 2016లోనే వెలువడింది. అందులో ప్రశ్నలు అడిగి ఇలాంటి మార్కే వేశారు. గుండెజబ్బు తిరగబెట్టడానికి సంబంధం కనిపించింది రోగి స్త్రీయా పురుషుడా అన్నదానితో కాదు, సాధారణంగా స్త్రీలకు అప్పగించే పాత్రలు, స్వభావ లక్షణాలతో. ఆ గడిని మాత్రమే నమ్ముకున్న పట్టికలో ఈ విషయం ఎప్పటికీ బయటపడేది కాదు.

పద్ధతి మెచ్చుకోదగినదే. అయితే దాని లోపాలూ చూడాలి. ఎక్కువ గంటలు పని చేయడం పురుష లక్షణమని ఈ మార్కు లెక్కకడుతుంది. మన ఊళ్లో వరినాట్లకు వెళ్లే కూలీ స్త్రీని తలచుకోండి. తెల్లవారుజామున వంట, పగలంతా పొలం, సాయంత్రం నీళ్లు, మళ్లీ వంట. పొలంలో గంటలు మాత్రమే లెక్కిస్తే ఆమె పురుషుడి వైపు జరుగుతుంది. రెండు బరువులూ మోసే మనిషిని ఒకే గీత మీద ఏదో ఒక కొసకు నెట్టే కొలబద్ద మనకు పనికిరాదు. అంతేకాదు, చదువూ వృత్తీ పేదరికంతోనూ, కులంతోనూ ముడిపడి ఉంటాయి. మార్కులో కనిపించినదంతా జెండరేనని ఎలా చెప్పగలం?

ఇక మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సంగతి చూద్దాం. 1992–93లో మొదలైన ఈ సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. 7 లక్షలకు పైగా స్త్రీలు, సుమారు ఒక లక్ష మంది పురుషులు జవాబులిచ్చారు. ఇంత పెద్ద సమాచార నిధి ఉండటం మన అదృష్టం. కాని దాని అంకెలను కళ్లు మూసుకుని వాడితే పొరబడతాం.

వివాహిత స్త్రీలలో 88.7 శాతం మంది ఇంటి నిర్ణయాల్లో పాల్గొంటున్నారని ఈ సర్వే సారాంశ పత్రం చెబుతుంది. అడిగినవి మూడు నిర్ణయాలు: తన వైద్యం, ఇంటికి పెద్ద కొనుగోళ్లు, పుట్టింటికో బంధువుల ఇంటికో వెళ్లడం. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిలో పాల్గొన్నా ఆ స్త్రీ 88.7 శాతంలో చేరిపోతుంది. మూడింటిలోనూ పాల్గొనేవారు సుమారు 71 శాతమే. పైగా "భర్తతో కలిసి" అన్న జవాబు కూడా పాల్గొన్నట్టే లెక్క. భర్త నిర్ణయించి చెప్పగా ఆమె తల ఊపినా అది కలిసి తీసుకున్న నిర్ణయమే అవుతుంది. భర్త వలస వెళ్లి అన్నీ ఒంటరిగా చూసుకునే స్త్రీ "నేనే" అంటుంది. అది అధికారమా, భారమా? ప్రశ్నపత్రానికి తెలియదు.

రక్తహీనత మరో ఉదాహరణ. 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉందని అదే సర్వే తేల్చింది. గర్భవతి కాని స్త్రీకి డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా, పురుషుడికి 13 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత అంటారు. స్త్రీకి గీత కిందికి ఉన్నా ఇంత తేడా! ఇందులో నెలసరికీ కాన్పులకూ ఎంత వాటా, అందరూ తిన్నాక మిగిలింది తినే ఆచారానికి ఎంత వాటా? ఇంట్లో ముందు ఎవరు తింటారన్న ప్రశ్నను భారత మానవాభివృద్ధి సర్వే అడిగింది. ఇంటిపనికి పట్టే సమయాన్ని ప్రభుత్వ కాల వినియోగ సర్వే కొలిచింది. 2024లో ఆ పని చేసేవారిలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చించారని తేలింది. అయితే రక్తపరీక్ష చేయించుకున్నవారు వేరు, భోజనం గురించి చెప్పినవారు వేరు, పని గంటలు చెప్పినవారు వేరు. మూడు సర్వేలను పక్కపక్కన పెట్టగలం గాని, ఒకే మనిషి జీవితంగా కుట్టలేం. ఉన్న సమాచారంతో సరిపెట్టుకోవడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

కొన్ని విషయాలకు వ్యక్తి మార్కు అసలే చాలదు. దేశంలో వివాహిత స్త్రీలలో 37.9 శాతం కుటుంబాలు స్త్రీ ఆపరేషన్ మీద ఆధారపడితే, పురుషుడి ఆపరేషన్ 0.3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ ఆపరేషన్లు సుమారు 70 శాతం. పురుషుడికి చేసే ఆపరేషన్ చిన్నది, అపాయం తక్కువది అని ప్రతి వైద్య విద్యార్థికీ తెలుసు. ఈ తేడాను ఒక స్త్రీ చదువుతోనో, ఆమె బ్యాంకు ఖాతాతోనో వివరించలేం. ఆరోగ్య పథకాలు దశాబ్దాలుగా ఎవరి ఇంటి తలుపు తట్టాయో అందులోనే జవాబుంది. జెండర్ మనిషిలోనే కాదు, కార్యాలయంలోనూ, ఆసుపత్రిలోనూ ఉంటుంది.

అలాగని పాత సర్వేలను పక్కన పడేయమని నా వాదన కాదు. వాటిని తవ్వితేనే ఏ ప్రశ్న అడగలేదో తెలుస్తుంది. ఇంటిపని గంటలు, తినే వరుస వంటి నాలుగైదు ప్రశ్నలు రక్తపరీక్ష జరిగే సర్వేలోనే, స్త్రీ పురుషులిద్దరినీ అడిగితే ఖర్చు పెద్దగా పెరగదు, ఫలితం మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక మీరు ఏ పత్రికలోనైనా "స్త్రీలలో ఇంత శాతం" అన్న వార్త చదివితే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరిని అడిగారు? ఏమని అడిగారు? ఏ జవాబును దేని కింద లెక్కించారు? ఆ తరువాత ఈ రాత్రి మీ ఇంట్లో చివరగా ఎవరు తింటున్నారో గమనించండి. ఏ సర్వే పత్రంలోనూ నిండని గడి ఒకటి అక్కడ కనిపించవచ్చు.