మార్చాక మాట చెప్పాలి

మామిడి సీజన్లో ఆగిరిపల్లి సెంటర్లో నిలబడి ఫోన్లో రసాల ధర చూసుకునే రైతుకు ఎల్ఫ్ అనే పేరు తెలియక్కర్లేదు. అతను వాడే ఆండ్రాయిడ్ యాప్‌లో సి భాషలో రాసిన భాగం ఏదైనా ఉంటే అది ఎల్ఫ్ ఫైలే. నూజివీడు ట్రిపుల్ ఐటీ కుర్రాడు లైనక్స్ మీద కంపైల్ చేసే తొలి ప్రోగ్రామూ అదే. 1980ల చివర్లో యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలతో వచ్చిన ఫార్మాట్ ఇది. దాంతోపాటే, ఇలాంటి ఫైళ్ళను తెరిచి మార్చడానికి లిబ్‌ఎల్ఫ్ అనే లైబ్రరీ వచ్చింది. ఇంటి దగ్గర కూర్చుని నేను చేసే పనిలో సగం దానితోనే.

మొన్న ఒక జూనియర్ ఫోన్ చేశాడు. "అన్నా, సెక్షన్లో స్ట్రింగ్ మార్చాను, ఎల్ఫ్ అప్‌డేట్ కూడా పిలిచాను. ఎర్రర్ ఏమీ రాలేదు. ఫైల్లో మాత్రం పాతదే ఉంది."

"ఫ్లాగ్ పెట్టావా?"

"ఏ ఫ్లాగ్ అన్నా?"

జరిగేది ఇదీ. ఎల్ఫ్ గెట్‌డేటా పిలిస్తే లైబ్రరీ మనకు మెమరీలో ఒక చోటు చూపిస్తుంది. అక్కడ మనం నేరుగా రాసేస్తాం. రాసిన సంగతి లైబ్రరీకి తెలిసే దారి లేదు. ఎల్ఫ్ ఫ్లాగ్‌డేటా ఫంక్షన్‌కి 'సెట్' ఆదేశంతో డర్టీ ఫ్లాగ్ ఇస్తేనే, ఫైలును తిరిగి రాసే ఎల్ఫ్ అప్‌డేట్‌కి ఆ ముక్కనూ రాయాలని అర్థమవుతుంది. మా వైపు తోట కొన్నవాళ్ళకి ఇది కొత్త కాదు: రిజిస్ట్రేషన్ అయినా, మ్యుటేషన్ జరిగేదాకా 1బీ భూరికార్డులో పాత ఆసామి పేరే ఉంటుంది.

ఇలాంటి ఫంక్షన్లు మొదటి నుంచీ ఆరు ఉన్నాయి: మొత్తం ఫైలుకు ఒకటి, ఎల్ఫ్ హెడర్‌కి ఒకటి, ప్రోగ్రామ్ హెడర్లకి, సెక్షన్‌కి, సెక్షన్ హెడర్‌కి, డేటాకి ఒక్కొక్కటి. పైదానికి పెడితే కిందవాటన్నిటికీ వర్తిస్తుంది. అందుకే చాలామంది ఎందుకొచ్చిన గొడవని ఫైలు మొత్తానికీ డర్టీ పెట్టేస్తారు. పని జరుగుతుంది. కానీ ఆరు నెలల తర్వాత ఆ కోడ్ చదివేవాడికి, రాసినవాడు నిజంగా ఏం మార్చాలనుకున్నాడో అంతు చిక్కదు. మార్చింది ఎంతో ఫ్లాగ్ అంతకే పెట్టడం నాకు అలవాటు.

"మార్పును లైబ్రరీయే కనిపెట్టొచ్చుగా?" అన్నాడు మావాడు. ప్రతి ముక్కకీ ఒక నకలు దాచి పోల్చి చూడొచ్చు, మెమరీ ఖర్చు పెరుగుతుంది. అయినా అసలు చిక్కు తీరదు. మార్పు సగంలో ఉందా, పూర్తయిందా అన్నది నకలు చెప్పలేదు. అది చెప్పగలిగింది రాసినవాడే.

ఇంకో ఫ్లాగ్ ఉంది, లేఅవుట్. ఇది ఫైలు మొత్తానికే పెట్టేది. మామూలుగా ఏ సెక్షన్ ఎక్కడ ఉండాలో ఎల్ఫ్ అప్‌డేట్ లెక్కగట్టి సర్దుతుంది. కంపైలర్ ఇచ్చే ఆబ్జెక్ట్ ఫైలుకు అది చాలు. నడిచే ప్రోగ్రామ్‌కి అది ముప్పు. మెమరీలోకి ఎక్కే ప్రతి సెగ్మెంట్‌కీ ఫైల్లోని స్థానాన్నీ, మెమరీ అడ్రసునూ పేజీ సైజుతో భాగిస్తే ఒకటే శేషం రావాలి. లైబ్రరీ సెక్షన్లను జరిపితే, సెగ్మెంట్లు ఎక్కడున్నాయో చెప్పే ప్రోగ్రామ్ హెడర్లు పాత చోట్లనే చూపిస్తూ ఉంటాయి, ప్రోగ్రామ్ కూలిపోతుంది. పేజీ లెక్క ఎంత ముఖ్యమో ఆండ్రాయిడ్ వాళ్ళకి ఈమధ్య బాగా తెలిసొచ్చింది. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్ల కోసం చేసిన యాప్‌లు 4 కేబీతో సరిపెట్టుకోకుండా 16 కేబీ పేజీలకూ పనికిరావాలని 2025 నవంబర్ 1 నుంచి గూగుల్ ప్లే నియమం పెట్టింది.

లేఅవుట్ ఫ్లాగ్ పెడితే లైబ్రరీ సర్దడం మానేస్తుంది. ఇక స్థానాలు, అలైన్‌మెంట్, ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవడం అన్నీ మన నెత్తినే. డర్టీ ఒక సమాచారం, లేఅవుట్ ఒక పూచీ. రెండూ ఒకే రకం పిలుపుతో పెడతాం కాబట్టి, బరువు కూడా ఒకటేనని కొత్తవాళ్ళు అనుకుంటారు.

మావాడికి చెప్పింది ఒకటే. మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి, హెడర్లను చూపించే రీడ్‌ఎల్ఫ్ నడిపి రెండూ పక్కపక్కన పెట్టు. హెడర్లలో నువ్వు ఫ్లాగ్ పెట్టనిదేదైనా మారి ఉంటే, ఎందుకు మారిందో తేలేదాకా ఆ ఫైలు ఎవరికీ పంపకు.