ముగ్గురి వరసలో ఉంది మజా

విజయనగరం, శ్రీకాకుళం వీడియో గేమ్ షాపుల్లో పెరిగిన నాకు ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97’ అంటే ఇప్పటికీ ప్రాణం. జపాన్‌లోని ఒసాకాకు చెందిన ఎస్ఎన్‌కే కంపెనీ 1997లో విడుదల చేసిన ఆట ఇది. ఒక స్టిక్కు, నాలుగు బటన్లు. రెండు గుద్దులకి, రెండు తన్నులకి. అంతే సరంజామా.

తెలివంతా ముగ్గురు ఫైటర్లని ఎంచుకుని వరస పెట్టడంలో ఉంది. ఒకడు ఓడితే రెండోవాడు దిగుతాడు. గెలిచినవాడు కాస్త పుంజుకున్నా, తిన్న దెబ్బలతోనే మళ్లీ నిలబడాలి. అందుకే బలమైనవాణ్ణి చివరికి దాచుకునేవాళ్లం. “ఏట్రా, ఇయోరీని ముందే దించేసినావేటి!” అని వెనక నిలబడ్డ గుంటలు గోలపెట్టేవారు.

నాకు షింగో ఇష్టం. 97లోనే కొత్తగా వచ్చాడు. అతని గురువు క్యో చేతిలో నిప్పు పుడుతుంది. ఇయోరీ చేతిలో ఊదారంగు మంట. షింగో గురువు దెబ్బలే నేర్చి, అదే ఊపుతో చెయ్యి విసురుతాడు, నిప్పు మాత్రం రాదు. అయినా తగ్గడు. అలాంటి కుర్రాణ్ణి ఆటలో పెట్టాలన్న ఆలోచనకే దండం పెట్టాలి.

షాపు నడిపేవాళ్ల పనితనం మాత్రం తక్కువా? స్టిక్కు కింద దిక్కుకొకటి చొప్పున నాలుగు చిన్న స్విచ్‌లుంటాయి. ఒకటి మొరాయించినా ఆ వైపు కదలిక పడదు. స్టిక్కుని నాలుగు వైపులా తిప్పి, టిక్కుమనే చప్పుడు విని, పోయిందేదో పట్టేసేవారు. మూత ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో అక్కడికక్కడే మార్చేసేవారు. రూపాయి బిళ్ల పట్టుకుని నిలబడ్డ కుర్రాడి వంతు పోనిచ్చేవారు కాదు.