తెలుగు కన్నడములందు క్రియలేని వాక్యము

క్రియ లేనిచో వాక్యము పూర్తికాదని బడులలో బోధించుట పరిపాటి. ఈ మాట ఆంగ్లమునకు చెల్లును, తెలుగునకు చెల్లదు. “ఇది పలక”, “ఆయన వైద్యుడు” అను వాక్యములలో క్రియ లేదు. అర్థమునకు కొరతయు లేదు. ఇట్టిచోట్ల క్రియ లోపించినదని చెప్పుట యుక్తమా, లేక అక్కడ క్రియతో పనియే లేదనుట యుక్తమా అనునది విచారణీయము. ఈ విచారణకు తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా మిక్కిలి అనువైన క్షేత్రము. మూడువైపుల ఆంధ్రప్రదేశము చుట్టుకొనియున్న ఈ కర్ణాటక సీమలో పలువురకు తెలుగు ఇంటిభాష. అందరకును కన్నడము రాజ్యభాష. ఆంగ్లము బడిలో వచ్చి చేరును. ఇన్ని భాషల నడుమ పెరుగు బాలునకు వ్యాకరణము తప్పుగా చెప్పినచో, తన తల్లిభాషయే లోపము కలదని అతడు తలపోయును. కావున ఇది కేవల పండితచర్చ కాదు.

క్రియ లోపించినదను వాదమునకు మూలము సంస్కృతమున కలదు. “అస్తి” అనునది ప్రయోగింపబడకున్నను ఉన్నట్లే గ్రహింపవలెనని కాత్యాయనుడు వార్తికమున చెప్పెను. సంస్కృతమున అది సమంజసమే. ఏలయన, భూతకాలము చెప్పవలసి వచ్చినప్పుడు “ఆసీత్” అని ఆ ధాతువే పైకి వచ్చును. రష్యను భాషయందును వర్తమానమున మాయమైన క్రియ భూతమున మరల కనబడును. ఆంగ్లమున “ఈజ్” అను ఒకే క్రియ తాదాత్మ్యమును, గుణమును, ఉనికిని మూడింటిని మోయును. స్పానిషు భాష “సేర్”, “ఎస్తార్” అని రెండు క్రియలను వాడును. ఏ భాష మార్గము దానిది. ఒకదాని కొలబద్దతో మరియొకదానిని కొలువరాదు.

తెలుగున ఈ పొరపాటు నిలిచిపోవుటకు ఒక కారణము ఊహింపవచ్చును. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. సంధి, కారక, సమాస, క్రియాదులకు అందు పరిచ్ఛేదములు కలవు గాని వాక్యమునకు వేరుగ పరిచ్ఛేదము లేదు. ఆ ఖాళీని తరువాతి పాఠ్యగ్రంథములు సంస్కృతాంగ్లముల మూసలతో పూరించినవి. 1975లో చేకూరి రామారావు “తెలుగు వాక్యం” వెలువడిన పిమ్మట వాక్యవిచారము పండితులలో బలపడినది. బడిపాఠములకు మాత్రము ఆ వెలుగు చాలినంత చేరలేదు.

లోపవాదమును పరీక్షించుటకు వ్యతిరేకవాక్యమే గీటురాయి. “నాగలమడిక ఉత్తర పినాకినీ తీరమున ఉన్నది” అను వాక్యము ఉనికిని చెప్పును. దీనికి వ్యతిరేకము “లేదు”. “నిడగల్లు కొండకోట” అను వాక్యము తాదాత్మ్యమును చెప్పును. దీనికి వ్యతిరేకము “కాదు”. రెండవ వాక్యమున “ఉన్నది” అను క్రియయే దాగియున్నచో దాని వ్యతిరేకమును “లేదు” కావలసియుండెను. అట్లు కాలేదు. భూతకాలమున “ఆయన ఉపాధ్యాయుడుగా ఉండెను” అందుము గదా యని ఆక్షేపింపవచ్చును. అది వేరు వాక్యము. అక్కడ “గా” చేరి, ఒకానొక కాలమున ఆ స్థితిలో ఉండుటను చెప్పుచున్నది. దాని వర్తమానము “ఉపాధ్యాయుడుగా ఉన్నాడు”, వ్యతిరేకము “ఉపాధ్యాయుడుగా లేడు”. “ఉపాధ్యాయుడు కాడు” అనుటకును దీనికిని గల భేదము పసిపిల్లలకును తెలియును.

కన్నడమునందును ఇదే పొందిక కలదు. “నాగలమడికె ఉత్తర పినాకినియ దడదల్లిదె” అనుదానికి వ్యతిరేకము “ఇల్ల”. “నిడగల్ ఒందు గిరిదుర్గ” అనుదానికి వ్యతిరేకము “అల్ల”. మన “లేదు”, వారి “ఇల్ల” ఒకే ధాతువునుండి పుట్టినవి. “కాదు”, “అల్ల” అనునవి మాత్రము వేరు ధాతువులవి, పని ఒక్కటియే. మన “కాదు” అగుధాతువు వ్యతిరేకరూపము. ఆ అగుధాతువే “వైద్యుడైనందున”, “పలక అయినచో” అని వాక్యము మరియొక వాక్యమునకు లోబడినప్పుడు బయటపడును. కన్నడమున “వైద్యరాదుదరింద”, “ఆదరె” అనునవి అట్టివే. ఒప్పుకోలు చెప్పు “అవును”, “హౌదు” అను మాటలు రెండును ఈ ధాతుజన్యములే. వాక్యమున అవసరము లేనప్పుడు మౌనముగ నుండి, కాదనుటకును, ఔననుటకును, ముడివేయుటకును మాత్రమే ఈ క్రియ వచ్చుచున్నదని గ్రహింపవలెను.

రెండు భాషలకు గల ముఖ్యభేదము పురుషప్రత్యయములందు కలదు. “నేను రైతును, నీవు రైతువు, మేము రైతులము” అని తెలుగున నామమే పురుషమును బట్టి మారును. నేటి కన్నడమున “నాను రైత, నీను రైత” అని ఏకవచనమున నామము మారదు. తెలుగున “కాను, కావు, కాడు, కారు” అని వ్యతిరేకక్రియయు మారును. కన్నడమున అన్నిట “అల్ల” యే. క్రియపై ఉండవలసిన పురుషప్రత్యయము నామముపైననే నిలుచుటచేత, తెలుగున ఆ నామమే విధేయమనుట నిర్వివాదము. ప్రాచీన తమిళమునందును ఇట్టి నామరూపములు కలవు. లోపవాదమునకు ఇంతకు మించిన సమాధానము అక్కరలేదు.

ఇక ఫలితార్థము. సరిహద్దు తెలుగు కన్నడపు సాంగత్యముచే చెడినదని నిందించుట కలదు. ఈ విషయమున ఆ నింద పూర్తిగ నిలువదు. “కాదు”, “లేదు” అను భేదమును కన్నడము చెరుపదు; “అల్ల”, “ఇల్ల” అను జంటతో దానిని మరింత గట్టిపరచును. “నేను రైతు కాదు” అని పిల్లవాడు వ్రాసినచో, అది కన్నడపు జాడ కావచ్చును. “రైతును కాను” అని దిద్దవలెను. “దొంగ నేను కాదు” అను వాక్యము మాత్రము తప్పు కాదు. అక్కడ కాదనునది మనిషిని, వృత్తిని గాదు. ఈ తారతమ్యము తెలియక ఎర్రసిరా వాడుట అన్యాయము.

నిజమైన చేటు అనువాదములనుండి వచ్చుచున్నది. “ఆయన ఈ సంఘమునకు అధ్యక్షుడై యున్నాడు” అని, “ఇది ముఖ్యమైనదై యున్నది” అని వ్రాయుట ఆంగ్లక్రియకు తెలుగు వేషము వేయుటయే. “అభ్యర్థి పట్టభద్రుడై ఉండవలెను” అనుచో విధి చెప్పుటకు క్రియ కావలసియున్నది గావున అది దోషము కాదు. కావలసినచోట వాడుటయు, అక్కరలేనిచోట విడుచుటయు తెలిసినదే భాషాజ్ఞానము.

భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని 1956 నాటి ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ బోధన ఆ భాష స్వభావమును అనుసరించినప్పుడే సార్థకము. పావగడ సీమలోని బడిలో “ఇది పలక” అను వాక్యమును సంపూర్ణవాక్యమని మొదటిపాఠముననే చెప్పి, ప్రక్కన కన్నడవాక్యమును నిలిపి, “కాదు, లేదు, అల్ల, ఇల్ల” అను నాలుగు మాటలను కలిపి నేర్పినచో, ఒక్క పాఠమున రెండు భాషల వ్యాకరణము అలవడును. ఏ భాషను గూర్చియు చులకనభావము కలుగదు.