అపలాచియన్ బాటలో ఆలుమగలు

అమెరికా తూర్పు కొండల మీదుగా సాగే అపలాచియన్ ట్రైల్ గురించి జనం చెప్పుకునే పెద్ద కథలన్నీ ఒంటరి మనుషులవే. 1921లో ఆ బాట వేద్దామని మొదట ప్రతిపాదించిన బెంటన్ మకాయ్ అంతకు కొద్ది నెలల ముందే భార్యను పోగొట్టుకున్నాడు. న్యూజెర్సీలో ఒక స్నేహితుడి పొలంలో ఉండి, ఆ దుఃఖంలోనే ఆ ప్రతిపాదన రాశాడు. 1948లో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే యాత్రగా నడిచినట్టు మొదట నమోదైన ఎర్ల్ షాఫర్ రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు. తనతో కలిసి నడవాలని అనుకున్న స్నేహితుడు ఐవో జీమా పోరులో చనిపోతే ఒక్కడే బయల్దేరాడు. ఇక ఎమ్మా గేట్‌వుడ్. పదకొండు మంది పిల్లల్ని కని, చావబాదే మొగుణ్ణి భరించి, చివరికి విడాకులు తీసుకున్న మనిషి. 1955లో, తన 67వ ఏట, నడకకు వెళ్తున్నానని మాత్రం పిల్లలతో చెప్పి, సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచి భుజానేసుకుని, కాన్వాసు బూట్లతో, వానకు అడ్డంగా స్నానాలగది పరదా ఒకటి పెట్టుకుని మొత్తం దారి నడిచేసింది.

కథలు అలాంటివే కాబట్టి, జంటగా నడిచేవాళ్లంటే ఏదో సరదా ప్రయాణం చేస్తున్నట్టే లెక్క. తోడుంటే సగం కష్టం తగ్గినట్టేగా అంటారు చాలామంది. నా అనుభవంలో తోడు వల్ల కొన్ని కష్టాలు తగ్గుతాయి, కొన్ని కొత్తవి వచ్చి చేరతాయి. ఆ కొత్తవాటిని గట్టెక్కడానికి ఈ బాట మీద నడిచిన జంటలు కొన్ని పద్ధతులు కనిపెట్టుకున్నాయి. నేర్చుకోదగ్గ విద్య అది.

ముందు బాట సంగతి. జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. సుమారు 2,200 మైళ్లు, అంటే 3,500 కిలోమీటర్ల పైమాట. 1937 నాటికి మొత్తం దారి పూర్తయింది. చెట్ల బోదెల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న తెల్లరంగు పట్టీలే దారి చూపిస్తాయి. ఒకదాని మీద ఒకటి రెండు పట్టీలు కనబడితే ముందు మలుపుందని అర్థం. నీలం పట్టీలు నీళ్ల దగ్గరికో, రాత్రి తలదాచుకునే చోటికో తీసుకుపోతాయి. ఆ పట్టీలకు రంగు వేసేదీ, పడిపోయిన చెట్లు కోసి దారి బాగుచేసేదీ ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. ఒకే విడతలో నడిచేవాళ్లకు అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. అలా మొదలుపెట్టినవాళ్లలో పూర్తిచేసేది సుమారు నాలుగోవంతు.

జంటకు మొదటి లాభం బరువులో ఉంది. ఒక్కడే నడిచినా టెంటు, స్టవ్వు, గిన్నె, నీళ్ల ఫిల్టరు, మందులు అన్నీ మోయాలి. ఇద్దరికీ అవే ఒక్కొక్కటి సరిపోతాయి. అయితే పంచుకోవడంలోనే తిరకాసు ఉంది. న్యాయంగా ఉంటుందని టెంటు గుడ్డ ఒకరి సంచిలో, దాని కర్రలు ఇంకొకరి సంచిలో పెట్టుకుంటారు కొందరు. వాన మొదలయ్యాక ఇద్దరి మధ్య రెండు మైళ్ల ఎడం వచ్చిందంటే, ఒకరి దగ్గర కర్రలు, మరొకరి దగ్గర గుడ్డ, ఇద్దరి మీదా వాన. అందుకని అనుభవం ఉన్నవాళ్లు టెంటు మొత్తం ఒకరికి, వంట సామానంతా ఇంకొకరికి ఇస్తారు. టెంటు ముందుగా చేరే మనిషి దగ్గరుంటే, వెనకాల వచ్చేవాళ్లకు గూడు సిద్ధంగా ఉంటుంది. వానకోటు, వెచ్చటి బట్టలు, పక్క, టార్చి, మ్యాపు, ఒక రోజు తిండి, నీళ్లు మాత్రం ఎవరివి వాళ్ల సంచిలోనే ఉండాలి. వీటిలో పంపకం లేదు.

సగం సగం పంచుకుంటే సరిపోయిందనుకోకండి. సంచి బరువు మనిషి బరువులో అయిదోవంతు దాటకుండా చూసుకోవాలన్నది అందరూ వాడే కొండగుర్తు. మావారికీ నాకూ ఒళ్లు బరువులో చాలా తేడా ఉంది కాబట్టి సంచుల్లోనూ ఆ తేడా ఉంటుంది. దీన్ని అభిమానం సమస్యగా మార్చుకునే ఆడవాళ్లనీ చూశాను, సామానంతా తామే మోసి మూడోరోజుకు మోకాళ్లు పట్టేసుకున్న మగవాళ్లనీ చూశాను. మొదటి 30 మైళ్లు దాటాక నీల్ గ్యాప్ అనే చోట రాతి కట్టడంలో ఒక దుకాణం ఉంది. ట్రైల్ ఆ కట్టడం గుండానే పోతుంది. అక్కడ సంచులు బోర్లించి, అక్కర్లేనివన్నీ ఏరి పార్సిల్లో ఇంటికి పంపడం ఏళ్ల తరబడి జరుగుతున్న తంతు. జంటలైతే ఏది ఉంచాలి, ఏది పంపాలి అన్న వాదన కాస్త ఎక్కువసేపు సాగుతుంది.

అసలైన చిక్కు నడక వేగం దగ్గర వస్తుంది. అలిపిరి మెట్ల దారిలో తిరుమల కొండెక్కిన ప్రతి జంటకూ ఇది తెలిసిన విషయమే: ఆయన గాలిగోపురం దగ్గర చల్లగా కూర్చుని ఉంటాడు, ఆవిడ ఆయాసపడుతూ వచ్చి చేరుతుంది, చేరగానే ఆయన లేచి "ఇక పదా" అంటాడు. ఆయనకు పదిహేను నిమిషాల విశ్రాంతి దొరికింది, ఆవిడకు ఒక్క నిమిషం కూడా లేదు. కొండ మీద ఒక్క పూట అయితే ఎలాగో సర్దుకోవచ్చు. రోజుల తరబడి అదే జరిగితే వెనకాల నడిచే మనిషికి కాళ్లకంటే ముందు మనసు అలిసిపోతుంది. ట్రైల్ మీద జంటలు ఎంత దెబ్బలాడుకున్నా, వాటిలో సగానికి మూలం ఇదేనని నా లెక్క. దీనికి విరుగుడు చాలా చిన్న నియమం: వెనకవాళ్లు వచ్చి సంచి దించాకే విశ్రాంతి సమయం లెక్కలోకి వస్తుంది. ముందు వచ్చిన మనిషి ఆలోగా నీళ్లు వడకట్టి రెండు సీసాలు నింపి ఉంచితే ఇంకా మంచిది.

పైగా వేగం అనేది ఒకటే ఉండదు. మావారు ఎగువన జింకలా పోతారు. దిగువకు వచ్చేసరికి మోకాళ్లు నొప్పి. నాకు ఎక్కడమే కష్టం, దిగడంలో ఇబ్బంది లేదు. కాబట్టి ఎక్కేటప్పుడు "ఏవండీ, మీరు పోండి, కలుసుకుందాం" అని నేనంటాను, దిగేటప్పుడు ఆయన నన్ను పొమ్మంటారు. ఒకరి అడుగులో ఒకరు అడుగేస్తూ రోజంతా నడవాలనుకుంటే ఇద్దరికీ సహజమైన నడక పోతుంది. తన వేగం కానిదాంట్లో నడిస్తే దెబ్బలు తగిలేదీ ఎక్కువే. విడివిడిగా నడవండి, అయితే ఎక్కడ ఆగాలో ముందే అనుకోండి. ప్రతి దారి చీలిక దగ్గరా, ప్రతి రోడ్డు దాటే చోటా, నీళ్ల దగ్గరా ముందున్న మనిషి ఆగాలి. దీనికి మినహాయింపు లేదు, ఎంత చలిగా ఉన్నా సరే. రాత్రి ఆగే మూడుగోడల షెల్టర్లలో ఒక నోటు పుస్తకం వేలాడుతుంటుంది. వచ్చిపోయేవాళ్లు అందులో ఏవో రాస్తుంటారు. వెనకొచ్చే భార్యకో భర్తకో అందులో "నీళ్లు కుడిపక్క దిగువన ఉన్నాయి, నేను పై షెల్టర్‌లో ఉంటాను" అని రాసి, సమయం వేసి వెళ్లడం జంటలకు బాగా అలవాటు.

ఈ బాట మీద అసలు పేర్లతో ఎవరూ పిలుచుకోరు. తోటివాళ్లు పెట్టిన ముద్దుపేరే చెల్లుతుంది. మొగుడి పేరు నోటితో అనని మా అమ్మమ్మలాంటి వాళ్లకు ఈ ఏర్పాటు ఎంత హాయిగా ఉండేదో!

తిండి దగ్గర మనవాళ్లది పైచేయి అని కాస్త గర్వంగానే చెబుతాను. రోజంతా బరువుతో కొండలెక్కి దిగే మనిషికి 4,000 కేలరీలు కూడా చాలకపోవచ్చు. మూడు నుంచి అయిదు రోజులకొకసారి ఊరు తగులుతుంది, అప్పటిదాకా అంతా మోయాల్సిందే. కనుక తక్కువ బరువులో ఎక్కువ సత్తువ ఉండాలి. గ్రాముకు దాదాపు 9 కేలరీలిచ్చే నెయ్యి, చిన్న సీసాలో ఫ్రిజ్జు లేకుండా నిలవుంటుంది. అటుకులు, వేరుశనగ, కందిపొడి, పులిహోర ముద్ద వీటన్నిటికీ గ్యాసు ఖర్చు నామమాత్రం. పచ్చి పప్పు మాత్రం తీసుకుపోవద్దు, ఉడికేసరికి గ్యాసు డబ్బా ఖాళీ. ఇంట్లోనే మెత్తగా ఉడికించి, ఉప్పు, పసుపు, కారం వేసి, డ్రయ్యర్ పళ్లెంలో పలచగా పరిచి రాత్రంతా ఎండబెడితే తెల్లారేసరికి వడియంలా పెళుసుగా విరుగుతుంది. వేణ్నీళ్లు పోసి పావుగంట మూత పెడితే మళ్లీ పప్పే. ఒక్కటే జాగ్రత్త: ఎలుగులకు ముక్కు బలం. తిండితో పాటు పళ్ల పేస్టు దాకా, వాసనొచ్చే ప్రతిదీ టెంటుకు దూరంగా చెట్టుకు వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి. ఇంగువ సంగతి చెప్పనక్కర్లేదు.

ఒంటరి మనిషికి లేనిది, జంటకు ఉన్నది ఇంకొకటుంది. ఆ అడవుల్లో గడ్డి పిడుదులు లైమ్ జబ్బు అంటిస్తాయి. నువ్వుగింజంత పురుగు మోకాలి వెనకో, వెన్ను మధ్యనో, చెవి వెనకో కరుచుకుంటే సొంత కళ్లకు కనబడదు. రోజూ సాయంత్రం టార్చి పట్టుకుని ఒకరి ఒళ్లు ఒకరు వెతకడం, కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగడం జంటల దినచర్య. అందులో శృంగారం వెతకొద్దు. అప్పటికి ఇద్దరికీ స్నానం చేసి రోజులు గడిచి ఉంటాయి.

బయల్దేరక ముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది, ఎవరూ దాని జోలికి పోరు. ఒకరి కాలు విరిగితే, లేదా ఇక చాలనిపిస్తే, రెండోవాళ్లు ఏం చేయాలి? వెంట ఇంటికొచ్చేయాలా, నడక సాగించాలా? వానలో, ఆకలిలో ఈ మాట తీస్తే అది తగాదాగానే ముగుస్తుంది. వానరోజున మానేసే నిర్ణయం తీసుకోవద్దని, ఊళ్లోకి పోయి, వేడిగా తిని, ఒకరోజు పడుకున్నాక ఆలోచించమని ట్రైల్ మీద పాతకాపులు చెప్పే సలహా నూటికి నూరుపాళ్లు నిజం.

వీసాలు, ఉద్యోగాలు, బడికెళ్లే పిల్లలున్న తెలుగు దంపతులకు ఆరు నెలలు కుదిరే పని కాదు. ఆ మాటకొస్తే అవసరమూ లేదు. ముక్కలు ముక్కలుగా, ఏళ్ల తరబడి నడిచి మొత్తం పూర్తిచేసినవాళ్లకూ, ఒకే విడతలో నడిచినవాళ్లకూ ట్రైల్ సంస్థ ఇచ్చే గుర్తింపు ఒకటే. నిజంగా నడిచానని మీరు చెప్పిన మాటే వాళ్లకు రుజువు. మనవాళ్లు వేలల్లో ఉన్న న్యూజెర్సీలోనే 70 మైళ్ల పైచిలుకు ఈ బాట ఉంది. డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర ఎక్కి సన్‌ఫిష్ పాండ్ దాకా పోయి రావడానికి ఒక శనివారం చాలు. మొదటిసారికి అంతే పెట్టుకోండి. ఆ రాష్ట్రంలో ట్రైల్ మీద మంటలు వేయనివ్వరు, కాబట్టి తిండి ఇంటి నుంచే తీసుకుపోండి. ఇద్దరి సంచుల్లోనూ చెరొక టార్చి, చెరొక ఈల వేసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.