నత్త గుల్ల మీద నీళ్ల చరిత్ర

మా ఇంటి చేపల తొట్టిలో ఒక ఆపిల్ నత్త ఉంది. పండిన నిమ్మకాయ రంగు, ఇంచుమించు నిమ్మకాయంతే ఉంటుంది. దాని గుల్ల మీద ఒక అడ్డగీత ఉంది. గీతకు వెనకవైపు, చుట్లు తిరిగిన మొనదాకా, పెచ్చులూడిన గోడలా తెల్లబారి గుంటలు పడి ఉంటుంది. గీతకు ముందువైపు, నోటి అంచుదాకా, నున్నగా మెరుస్తుంది. ఆ తెల్లదనం నా తెలియనితనానికి గుర్తు. ఆ మెరుపు నీళ్ల సంగతి తెలుసుకున్నాక వచ్చింది.

మనం తాగే ఆర్వో నీళ్లు మంచివి కదా, నత్తకూ మంచివేనని నమ్మి వారం వారం అవే పోశాను. తొట్టి అద్దంలా ఉండేది. చేపలు హుషారుగా తిరిగేవి. నత్త గుల్ల మాత్రం రోజురోజుకూ పాలిపోయింది. గుల్లలో ఉండేది ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉన్న పదార్థమే. దాని మీద పల్చటి పొర ఒకటి కాపుగా ఉంటుంది. నీళ్లలో ఖనిజాలు లేక, పీహెచ్ 7 కన్నా కిందికి జారితే, ఆ పొర ఊడినచోటల్లా గుల్ల కరగడం మొదలవుతుంది. ఆర్వో యంత్రం మన కోసం తీసేసే కాల్షియమే నత్తకు ఇల్లు కట్టే సున్నం.

తొట్టిని నిలబెట్టిన జీవి

పాచి తింటుందని నత్తను తెచ్చి తొట్టిలో వదిలేసి, ఇక దాని ఊసెత్తనివాళ్లే ఎక్కువ. కానీ చేపల తొట్టి నడిపే విద్య తొలినాళ్లలోనే నత్తకు పెద్దపీట ఉంది. లండన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో తన ప్రయోగాన్ని ప్రకటించాడు. గాజు పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక వాలిస్నేరియా మొక్క పెట్టాడు. మొక్క వదిలే ఆక్సిజన్ చేపలకు, చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్కకు అందుతాయని లెక్క వేశాడు. అయితే ముదిరిన ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోసాగాయి. అప్పుడు ఐదారు చెరువు నత్తలను వేశాడు. అవి కుళ్లిన ఆకును తినేశాయి, నీళ్లు తేటపడ్డాయి. వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి. చేపా మొక్కా కలిసి నిలబెట్టలేని తొట్టిని నత్త నిలబెట్టింది. అలాంటి జీవిని పట్టించుకోకపోవడం అన్యాయం.

ముందు నీళ్లు

నత్తకు పీహెచ్ 7.2 నుంచి 8 మధ్య ఉండాలి. కాఠిన్యం, అంటే టెస్ట్ కిట్ మీద కనిపించే జీహెచ్, 8 నుంచి 15 డిగ్రీలు ఉంటే మేలు. ఒక డిగ్రీ అంటే లీటరుకు దాదాపు 18 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానం. బకెట్ల మీద తెల్లటి చారలు కట్టే మన బోరు నీళ్లకు ఈ కాఠిన్యం సాధారణంగా ఉంటుంది. అవి మరీ ఉప్పగా ఉంటే కొంత ఆర్వో నీరు కలుపుకోవచ్చు. ఒట్టి ఆర్వో నీళ్లు మాత్రం పోయకూడదు.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో పట్టి ఒక రోజు నిలవ ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు. మొత్తం తోడేసి కడిగితే మేలు చేసే బ్యాక్టీరియా పోతుంది. చేపలు, నత్తలు విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేది ఆ బ్యాక్టీరియానే. కొత్త తొట్టిలో అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు నత్తను తేకపోవడమే దాని మీద చూపించే మొదటి దయ. ఇంకో చిక్కు కూడా ఉంది. నత్తకు కావలసిన క్షార నీళ్లలో అమ్మోనియా విషం మరింత పదునెక్కుతుంది. అందుకే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాల్సిందే.

రాగి విషయంలో ఏమరుపాటు పనికిరాదు. ఆపిల్ నత్త రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది రాగి ఉన్న హీమోసయనిన్. అయినా నీళ్లలో కరిగిన రాగి కొంచెం ఎక్కువైనా దాన్ని చంపేస్తుంది. చేపల మందు సీసా మీద కాపర్ అని ఉంటే ఆ మందు తొట్టిలో పడకూడదు. రాగి బిందెలో నిలవ ఉన్న నీళ్లు మన ఒంటికి మంచివని తాగుతాం. వాటిని నత్తకు పోయకండి.

తర్వాత తిండి

పాచి ఒక్కటే తిని ఆపిల్ నత్త బతకలేదు. బీరకాయ, దోసకాయ, క్యారెట్ ముక్కలను బాగా కడిగి, రెండు మూడు నిమిషాలు ఉడికించి, చల్లార్చి వేస్తే ఇష్టంగా తింటుంది. కాల్షియం దండిగా ఉన్న మునగాకు మంచి మేత. పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియాన్ని కట్టిపడేస్తుంది కాబట్టి ఎప్పుడో తప్ప వద్దు. సాయంత్రం వేసి, తెల్లవారి మిగిలింది తీసేయాలి. మిగిలిన ముక్క కుళ్లితే మళ్లీ అమ్మోనియానే.

కాల్షియానికి సముద్రఫేనం (కటిల్‌బోన్) ఉంది. ఆయుర్వేద దుకాణాల్లో, పక్షుల మేత అమ్మేచోట దొరుకుతుంది. చిన్న ముక్క ఉడికించి వేస్తే మొదట తేలుతుంది, నానాక మునుగుతుంది. నత్త దాని మీదికెక్కి గీకడం అద్దానికి దగ్గరగా మొహం పెట్టి చూడండి. నోరు తెరుచుకుంటుంది, ఆకురాయిలాంటి నాలుక బయటికొచ్చి ఒక్క గీకు గీకి లోపలికి పోతుంది. ఆ నాలుక నిండా కంటికి ఆనని చిన్న చిన్న పళ్లు.

నత్త చెప్పే మాటలు

ఆపిల్ నత్తకు మొప్ప, ఊపిరితిత్తి రెండూ ఉంటాయి. ఏనుగు తొండంలాంటి గొట్టాన్ని పైకి చాచి గాలి పీలుస్తుంది. మన వరిపొలాల నత్తగుల్లదీ ఇదే వంశం. చెరువు ఎండితే అది మూత బిగించుకుని బురదలో దాక్కుని వానల దాకా ఓపిక పడుతుంది. ఆపిల్ నత్తకు గాలి అందేలా తొట్టిలో నీటి మట్టానికి పైన రెండు మూడంగుళాలు ఖాళీ ఉంచి, మూత పెట్టాలి. గుడ్లు కూడా ఆ ఖాళీలోనే గుత్తిగా పెడుతుంది. నీళ్ల మీద తేలినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు, లోపల గాలి నిండి ఉండొచ్చు. గుల్ల మూత వేలాడిపోయి కుళ్లు వాసన వస్తే మాత్రం వెంటనే తీసేయాలి. నత్తలు అన్నీ నీళ్లలోంచి బయటికి పాకుతుంటే నీళ్లు పరీక్షించండి. తొట్టి నిండా చిన్న నత్తలు పుట్టుకొస్తే మేత ఎక్కువ వేస్తున్నట్టే.

ఎక్కువైన నత్తలను కాలువలోనో చెరువులోనో వదలొద్దు. దక్షిణ అమెరికా నుంచి 1980 ప్రాంతంలో తైవాన్‌కు తెచ్చిన బంగారు ఆపిల్ నత్త ఆగ్నేయాసియా వరిపొలాల్లోకి పాకి రైతుల నోటి దగ్గర కూడు తీసింది.

మా నత్త గుల్ల మీద తెల్లబారిన భాగం మళ్లీ రంగు తెచ్చుకోదు. కరిగింది తిరిగి రాదు. కానీ గుల్ల పెరిగేది అంచు దగ్గర కాబట్టి, బోరు నీళ్లు, మునగాకు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఆ అంచున గోరంత వెడల్పున కొత్త గుల్ల దట్టంగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఇప్పుడు నీళ్లు మార్చిన ప్రతిసారీ టెస్ట్ కిట్‌తో పాటు ఆ అంచునూ చూస్తున్నాను.