మనోడు నెగ్గిన భాష

2017 ఏప్రిల్ 2న ఇండియన్ ఐడల్ తొమ్మిదో సీజన్ నెగ్గినవాడు రేవంత్. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో పెరిగాడు. రెండో స్థానం పంజాబీ ముస్లిం ఖుదాబక్ష్‌ది. మూడో స్థానం మళ్లీ తెలుగువాడే, రోహిత్. బ్రిటన్ పాప్ ఐడల్‌ అచ్చులో పోసిన పోటీ ఇది. జడ్జీలు పాట వింటారు, ఓటేసేవాళ్లు ఊరు కూడా చూస్తారు.

మరి ఉత్తరాంధ్ర సాయిబు ఎటుండాలి? క్రికెట్టప్పుడు మమ్మల్నడిగే ప్రశ్నే. రేవంత్ మావాడు. ఖుదాబక్షూ మావాడే. ఒక గుండెలో ఇద్దరు పట్టరా?

అసలు సంగతి వేరే ఉంది. రేవంత్ నెగ్గింది ఏ భాషలో? దిల్, ఇష్క్, దువా, జిందగీ... హిందీ సినిమా పాటలోంచి ఉర్దూని ఏరేస్తే మిగిలేది దరువే. బాహుబలిలో ‘మనోహరి’ పాడిన గొంతు ఆ మాటలు పలికితే మనోడి ఘనత. విజయనగరం బజార్లో మా అమ్మీ పలికితే తురకమాట! పోనీ సిక్కోలు యాసలో మాట్లాడామా, ‘సాయిబులైనా తెలుగు బాగా మాట్లాడతారే’ అని మెచ్చుకోలు. తరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడి మట్టిలోనే కలిసినవాళ్లం. మా ఉచ్చారణకు మార్కులేసే జడ్జీలు మాత్రం వీధికొకరు. హిందీలో ఇంత బాగా పాడావు, నీదే దేశమని రేవంత్‌ను ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా.